స్కిజోఫ్రీనియా ఉన్న తమ్ముడిని అర్థం చేసుకోవడానికి ఆత్మకథలు పనికొస్తాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. ఆఫీసులో అందరూ తన గురించే గుసగుసలాడుతున్నారని ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేశాడు. అమ్మ వడ్డించే అన్నంలో ఏదో కలుపుతున్నారని అనుమానం. డాక్టర్ గారు స్కిజోఫ్రీనియా అని చెప్పి మాత్రలు రాశారు. నెలకోసారి వెళ్తే ఐదు నిమిషాల్లో చూసి పంపిస్తున్నారు. "వాడి లోపల ఏం జరుగుతోందో తెలియక టెన్షన్‌తో చచ్చిపోతున్నాను. ఈ జబ్బు వచ్చినవాళ్లు స్వయంగా రాసుకున్న పుస్తకాలు చదివితే తెలుస్తుందా? ఏవి చదవాలి? వాడికీ ఇవ్వొచ్చా?" అని అడిగారు.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. డాక్టర్ గారు మందు రాశాక ఆ చీటీ పట్టుకుని బయటికొచ్చే కుటుంబాలతో కూర్చుని మాట్లాడటమే ఇన్నేళ్లూ నా పని. అందుకని ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత వివరంగా మాట్లాడతాను.

చదవండి, తప్పకుండా ఉపయోగపడతాయి. మీ తమ్ముడికి మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. ఇంకో మాట. ఆ పుస్తకాల్లో మీ తమ్ముడు కనిపించడు. వాడిని ఏమేం అడగాలో, ఎలా అడగాలో కనిపిస్తుంది. జవాబులు వాడి దగ్గరే ఉంటాయి. ఈ తేడా మర్చిపోకుండా చదివితే ఒక్క పుస్తకం చాలు. మర్చిపోతే పది చదివినా ఇంట్లో గొడవలే పెరుగుతాయి.

ఎందుకు చదవమంటున్నానో చెప్తాను. డాక్టర్ గారి భాష జబ్బును బయటి నుంచి చూస్తుంది. అనుమానాలు, లేని మాటలు వినపడటం, నిద్ర తగ్గడం, స్నానం మానేయడం, నలుగురిలోకి రాకపోవడం. జబ్బేమిటో తేల్చడానికి, మందు ఎంచుకోవడానికి ఆ జాబితా కావాలి. కానీ అన్నం కంచం తోసేసే తమ్ముడి ఎదురుగా కూర్చున్న అక్కకు అది చాలదు. "అమ్మ మీద వీడికి ఇంత అనుమానం ఎలా వచ్చింది?" అన్నదే ఆమె బాధ. లోపలి నుంచి చూస్తే ఆ అనుమానానికీ ఒక వరుస ఉంటుంది, ఒకదాని వెనక ఒకటి వచ్చే కారణాలు ఉంటాయి. ఆ వరుసను చెప్పగలిగేది దాన్ని అనుభవించినవాళ్లే.

దీనికి నేను కుటుంబాలకు మొదట చెప్పేది క్లిఫర్డ్ బీర్స్ కథ. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో చదువుకున్న యువకుడు. 1900లో కిటికీలోంచి దూకి ఆత్మహత్యకు ప్రయత్నించాడు, బతికాడు. తర్వాత మూడేళ్లపాటు ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిరిగాడు. ఆత్మహత్యకు ప్రయత్నించడం నేరం కాబట్టి పోలీసులు తన చుట్టూ వల పన్నారని నమ్మాడు. ఆ నమ్మకం ఎంత దూరం పోయిందంటే, తనను చూడటానికి వచ్చే ఇంటివాళ్లు కూడా తన ఇంటివాళ్లు కారని, వాళ్ల వేషంలో వచ్చిన డిటెక్టివ్‌లని అనుకున్నాడు. సొంత సోదరుడు ఎదురుగా కూర్చుంటే నోరు విప్పేవాడు కాదు. ఒక్క మాట జారినా అది సాక్ష్యంగా కోర్టుకు పోతుందని భయం.

ఇప్పుడు ఆ సోదరుడి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. "నేనేరా, గుర్తుపట్టలేదా?" అంటారు, ఏడుస్తారు, చిన్ననాటి సంగతులు చెప్తారు. బీర్స్ వైపు నుంచి చూస్తే ఇవన్నీ బాగా తయారై వచ్చిన డిటెక్టివ్ కూడా చెయ్యగలడు. మీరు ఎంత బాగా రుజువు చేస్తే అంత బాగా నటిస్తున్నట్టు లెక్క. వాదించి అనుమానాన్ని తీసేయలేమని మేం కుటుంబాలకు పదే పదే చెప్తాం. అది ఎందుకో ఈ ఒక్క ఘట్టం చదివితే అర్థమవుతుంది.

బీర్స్‌కు ఆ ముడి ఎలా విడిపోయిందన్నది ఇంకా ముఖ్యం. 1902 ఆగస్టులో సాటి రోగి ఒకరి సాయంతో తన సోదరుడి అసలు చిరునామాకు రహస్యంగా ఒక ఉత్తరం పంపాడు. "నువ్వు నిజంగా నా సోదరుడివైతే, ఈసారి వచ్చేటప్పుడు ఈ ఉత్తరం తీసుకురా" అన్నది అందులో సారాంశం. డిటెక్టివ్ చేతికి ఆ ఉత్తరం చేరే వీల్లేదని అతని లెక్క. సోదరుడు వచ్చాడు, జేబులోంచి ఆ ఉత్తరం తీసి చూపించాడు. అంతే, ఆ నమ్మకం అక్కడికక్కడే కూలిపోయింది. ఇంటివాళ్లు అన్నాళ్లూ చూపించిన రుజువులేవీ పనిచెయ్యలేదు. అతను తనకు తానుగా పెట్టుకున్న పరీక్ష పనిచేసింది.

ఇది చదివి మీరు కూడా ఇంట్లో ఏదో పరీక్ష పెట్టాలని చూడకండి. చాలామంది ఇక్కడే ఉత్సాహపడతారు. ఆ తర్వాతి పేజీలు చదివితే అసలు సంగతి తెలుస్తుంది. అనుమానం పోయిన వెంటనే బీర్స్ మామూలు మనిషి కాలేదు. పట్టలేని ఉత్సాహంలో పడ్డాడు, రాత్రీ పగలూ రాశాడు, పెద్ద పెద్ద పథకాలు వేశాడు, ఆసుపత్రి వాళ్లతో తగాదాలు పెట్టుకున్నాడు. చివరికి కదలనివ్వని కోటు తొడిగి కట్టి పడేసే వార్డుకు చేరాడు. జబ్బు తిరిగిన మలుపును ఇంటివాళ్లు తగ్గిపోయిందనుకుంటారు. మాటాడనివాడు మాట్లాడితే పండగ చేసుకుంటారు. మాట్లాడటం ఆగకపోతే, నిద్ర తగ్గిపోతే ఆ మార్పును కూడా డాక్టర్‌కు చెప్పాలి. అతను బయటపడ్డాక రాసిన 'ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్' 1908లో వచ్చింది. మానసిక ఆసుపత్రుల్లో రోగుల పట్ల జరిగే క్రూరత్వం మీద అమెరికాలో ఒక ఉద్యమమే దాని వెంట మొదలైంది. భాష పాతది, మొత్తం చదవలేకపోయినా ఈ భాగం చదవండి.

మీ తమ్ముడి పరిస్థితికి దగ్గరగా ఉండే పుస్తకం ఒక్కటే చెప్పమంటే 'హెన్రీస్ డీమన్స్' అంటాను. 2011లో వచ్చింది. పాట్రిక్ కాక్‌బర్న్ అనే జర్నలిస్టు, ఆయన కొడుకు హెన్రీ కలిసి రాశారు. ఒక అధ్యాయం తండ్రిది, ఒక అధ్యాయం కొడుకుది. తల్లి డైరీ కూడా కొంత ఉంటుంది. 2002లో తండ్రి కాబూల్‌లో యుద్ధ వార్తలు రాస్తుండగా ఇంగ్లండ్ నుంచి ఫోన్ వచ్చింది. ఇరవై ఏళ్ల కొడుకు గడ్డకట్టే చలిలో బట్టలతోనే నీళ్లలోకి దిగి ఈదుతుంటే చేపలు పట్టేవాళ్లు బయటికి లాగారని. తండ్రి అధ్యాయంలో అదొక పిడుగు. కొడుకు అధ్యాయంలో ఆ రోజుల్లో చెట్లూ పొదలూ అతనితో మాట్లాడుతున్నాయి, అతను వెళ్లాల్సిన చోటికే వెళ్తున్నాడు. ఒకే సంఘటన, రెండు లోకాలు.

ఈ పుస్తకాన్ని ముందు పెట్టడానికి ఇంకో కారణం ఉంది. హెన్రీ "నాకు జబ్బు చేసింది, మందుతో తగ్గింది" అని బుద్ధిగా చెప్పే కొడుకు కాదు. తను చూసింది నిజమేనన్న భావం అతని రాతలో చాలాచోట్ల మిగిలే ఉంటుంది. ఆసుపత్రి నుంచి పారిపోతాడు, మాత్రలు మింగకుండా దాస్తాడు. మన ఇళ్లలో జరిగేది ఇదే. "వాడికి జబ్బుందని వాడు ఒప్పుకుంటే చాలండీ" అని ప్రతి కుటుంబమూ అంటుంది. ఒప్పుకోకపోవడం మొండితనం అనుకుంటారు. ఈ జబ్బులో చాలామందికి తమకు జబ్బు చేసిందన్న ఎరుకే ఉండదు, అది కూడా జబ్బులో భాగమే. జబ్బని ఒప్పుకోని కొడుకుతో ఆ తల్లిదండ్రులు ఏళ్ల తరబడి ఎలా నెట్టుకొచ్చారో చూస్తే మీకు కొంత ఓపిక, కొంత ధైర్యం వస్తాయి.

రెండోది ఎలిన్ సాక్స్ రాసిన 'ద సెంటర్ కెనాట్ హోల్డ్', 2007. ఆమె అమెరికాలో న్యాయశాస్త్ర ప్రొఫెసర్. ఆక్స్‌ఫర్డ్‌లో, యేల్‌లో చదువుతూనే స్కిజోఫ్రీనియాతో ఆసుపత్రుల పాలయ్యారు. మాటలు ఎలా తెగిపోతాయో, ఆలోచనకూ ఆలోచనకూ లంకె ఎలా ఊడిపోతుందో ఆమె రాసినంత స్పష్టంగా రాసినవాళ్లు తక్కువ. మీ తమ్ముడు ఏదో మాట మొదలుపెట్టి ఇంకెక్కడికో వెళ్లిపోతుంటే "సరిగ్గా చెప్పరా" అని మీరు విసుక్కుంటున్నారేమో, ఆమె పుస్తకం చదివాక ఆ విసుగు తగ్గుతుంది.

అందులో కుటుంబాలు గట్టిగా పట్టుకోవాల్సిన విషయాలు రెండు. ఒకటి మందుల గురించి. ఇంత చదువుకున్న మనిషి, చట్టం బోధించే మనిషి, ఏళ్ల తరబడి మాత్రలు తగ్గించి చూసుకుంటూనే ఉన్నారు. తగ్గించినప్పుడల్లా జబ్బు తిరగబెట్టింది. తక్కువ మందుతో గడిపితే తనలో లోపం అంత తక్కువ ఉన్నట్టని ఆమె మనసులో లెక్క. మాత్ర మింగడమంటే రోజూ "నాకు జబ్బుంది" అని ఒప్పుకోవడం. ఇది తెలిస్తే "టాబ్లెట్ వేసుకున్నావా లేదా?" అని రోజుకు నాలుగుసార్లు గద్దించే పద్ధతి ఎందుకు పనిచెయ్యదో తెలుస్తుంది.

రెండోది కట్టేయడం గురించి. అమెరికాలో ఆసుపత్రి మంచానికి గంటల తరబడి కట్టి ఉంచిన అనుభవాన్ని ఆమె ఎన్నటికీ మర్చిపోలేదు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు అలా కట్టలేదని కూడా రాశారు. మనకు ఇది దూరపు సంగతి కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు ఇరవై ఎనిమిది మంది పారిపోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వెయ్యడాన్ని పూర్తిగా నిషేధించింది. అయినా "రెండ్రోజులు గదిలో పెట్టి తాళం వేశామండీ" అని మామూలుగా చెప్పే కుటుంబాలను ఇప్పటికీ చూస్తున్నాను. ప్రేమ లేక కాదు, భయం వల్ల చేస్తారు. తాళం పడిన తలుపుకు లోపలివైపు నుంచి అదెలా ఉంటుందో చదివినవాళ్లు అంత తేలిగ్గా ఆ పని చెయ్యలేరు.

మందుల మాట వచ్చింది కాబట్టి కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ గురించీ చెప్పాలి. ఆమె జబ్బు వేరు, బైపోలార్. పట్టలేని ఉత్సాహం, లోతైన దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు అది. మీ తమ్ముడిది అది కాదు కాబట్టి ఆ పుస్తకం మీరు మొదట చదవక్కర్లేదు. ఈ జవాబు చదివే వేరేవాళ్లకు పనికొస్తుంది. ఆమె సైకాలజిస్టు, ఇదే జబ్బు మీద డాక్టర్లు చదివే పెద్ద గ్రంథానికి సహ రచయిత. అలాంటి మనిషి ఆ జబ్బుకు ఇచ్చే లిథియం అనే మందు తను వేసుకోవడానికి ఏళ్ల తరబడి పెనుగులాడారు. 1995లో వచ్చిన 'యాన్ అన్‌క్వైట్ మైండ్'లో కారణాలు దాచుకోకుండా చెప్పారు. ఉత్సాహం ఉప్పొంగే రోజుల్ని వదులుకోలేకపోవడం ఒకటి. ఆ మందు మోతాదు ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో పుస్తకం చదవడమే కష్టమైపోవడం ఇంకొకటి. చదువే జీవితమైన మనిషికి అదెంత నష్టమో ఆలోచించండి. తర్వాత మోతాదు తగ్గించాక మళ్లీ చదవగలిగారు.

నేను కుటుంబాలకు నేర్పే ప్రశ్న ఇక్కడి నుంచే వచ్చింది: "ఈ మాత్ర నీ దగ్గర నుంచి ఏం తీసేసుకుంటోంది?" వేసుకున్నావా అని కాదు, వేసుకుంటే నీకేం పోతోంది అని. నా దగ్గరికి వచ్చిన కుటుంబాల్లో ఒక టైలర్ కుర్రాడు ఉండేవాడు. మాత్రలు మానేసి మళ్లీ మళ్లీ వార్డుకు వచ్చేవాడు. ఇంట్లో అందరూ "వీడికి పొగరు" అనేవాళ్లు. ఈ ప్రశ్న అడిగితే చెయ్యి చాచి చూపించాడు. వేళ్లు బిగుసుకుపోయి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు. డాక్టర్ గారికి ఆ ముక్క చెప్తే మందు మార్చారు. బరువు పెరగడం, పగలంతా మగత, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం, నోట్లోంచి చొంగ కారడం, మగవాళ్లలో శృంగార సమస్యలు, ఆడవాళ్లలో నెలసరి తప్పడం... ఇవన్నీ ఈ మందులతో వచ్చేవే. వీటిలో చాలావాటికి డోసు మార్చో, మందు మార్చో దారి చూపించగలరు. కానీ రోగి చెప్తేనే తెలుస్తుంది. అక్కకు చెప్పుకోలేనివి కొన్ని ఉంటాయి, వాటిని ఒంటరిగా డాక్టర్‌తో మాట్లాడే అవకాశం మీ తమ్ముడికి ఇవ్వండి.

ఇక జాగ్రత్తలు. ఇవి పుస్తకాలంత ముఖ్యం.

ఇలాంటి పుస్తకం రాయగలిగింది ఎవరో ఆలోచించండి. ప్రొఫెసర్లు, జర్నలిస్టులు, రచయితలు. మంచి వైద్యం అందినవాళ్లు, అండగా మనుషులు ఉన్నవాళ్లు, మాట మీద పట్టు ఉన్నవాళ్లు. తిరిగి రాగలిగినవాళ్లు రాశారు, రాలేనివాళ్లు రాయలేదు. పైగా జరిగిన చాలా ఏళ్లకు, మనసు కుదుటపడ్డాక, అప్పటి గందరగోళానికి ఒక క్రమం ఇచ్చి రాశారు. మీ తమ్ముడు ఇంకా ఆ గందరగోళం మధ్యలోనే ఉన్నాడు. వాడి నుంచి అంత స్పష్టమైన మాటలు ఆశించకండి.

ఒక తండ్రి గురించి చెప్తాను. ఎలిన్ సాక్స్ ప్రసంగం ఒకటి ఇంటర్నెట్‌లో చూశారు. చాలా కదిలిపోయారు. ఆ మర్నాటి నుంచి కొడుకుతో "ఆవిడ ఇదే జబ్బుతో ప్రొఫెసర్ అయింది, నువ్వు డిగ్రీ సప్లిమెంటరీలు కూడా రాయలేవా?" అనడం మొదలైంది. పక్కింటి అబ్బాయితో పోల్చే అలవాటు కాస్తా అమెరికా ప్రొఫెసర్ దాకా వెళ్లింది. ఆ కుర్రాడు నాతో అన్న మాట: "ఇంతకుముందు నాకు జబ్బొక్కటే ఉండేది, ఇప్పుడు సిగ్గు కూడా." ఈ పుస్తకాల్ని మీ తమ్ముడికి కొలబద్దగా పెట్టొద్దు. వాడు ఈ నెలలో రోజూ స్నానం చేసి, మీతో కలిసి ఒక పూట భోజనం చేస్తే అదే పెద్ద మెట్టు. నిజానికి ఆ ప్రొఫెసరమ్మ కూడా తను నిలబడటానికి చెప్పే కారణాల్లో మంచి చికిత్స, దగ్గరి మనుషులు, తనను అర్థం చేసుకున్న పనిచోటు ఉన్నాయి. ఆ తండ్రికి ఆ భాగం వినపడలేదు.

జ్ఞాపకం మీద కూడా కొంత ఎరుక ఉండాలి. సుసానా కేసెన్ అనే రచయిత్రి పద్దెనిమిదేళ్ల వయసులో, 1967లో మానసిక ఆసుపత్రిలో చేరింది. చాలా ఏళ్ల తర్వాత లాయర్ ద్వారా తన కేసు కాగితాలు తెప్పించుకుని, తన కథ మధ్యమధ్యలో వాటిని కూడా అచ్చేసింది. డాక్టర్ తనతో ఎంతసేపు మాట్లాడి ఆసుపత్రిలో చేర్చాడన్న దగ్గరే ఆమె జ్ఞాపకానికీ డాక్టర్ మాటకూ పొంతన కుదరదు. ఎవరు అబద్ధం చెప్పారన్నది నాకు ముఖ్యం కాదు. మీ ఇంట్లోనూ ఇలాగే అవుతుంది. "మీరు నన్ను కొట్టుకుంటూ ఆటోలో ఎక్కించారు" అని తమ్ముడు అంటాడు. "చెయ్యి పట్టుకున్నాం అంతే" అని మీరంటారు. తీర్పు చెప్పడానికి కూర్చోకండి. వాడికి ఆ రోజు అలా అనిపించింది, దాన్ని ముందు విని "చాలా భయపడి ఉంటావు" అనండి.

విదేశాల పుస్తకాలే చెప్తున్నానని మీకు అనిపించొచ్చు. తెలుగులో ఈ జబ్బుల గురించి రోగులే రాసుకున్న పుస్తకాలు చాలా అరుదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' లాంటివి మనసు విరిగిపోవడాన్ని గొప్పగా చూపించాయి, కానీ అవి నవలలు, రచయిత చేతిలో నడిచిన పాత్రలు. మన దేశంలో నేను చదవమని చెప్పేది స్వదేశ్ దీపక్‌ను. అంబాలాలో ఇంగ్లీషు లెక్చరర్, హిందీలో పేరున్న నాటక రచయిత. బైపోలార్ జబ్బుతో ఏడేళ్లు నలిగిపోయి, 2003లో 'మైనే మాండూ నహీ దేఖా' రాశారు. దాని ఇంగ్లీషు అనువాదం జెర్రీ పింటో చేశారు, 2021లో వచ్చింది. అందులో ఆయన్ను వెంటాడే స్త్రీ పేరు మాయావిని. తను అవమానించిన ఒక స్త్రీ పగబట్టి తన మీదికి వచ్చిందని ఆయన నమ్మకం. మనవాళ్లకు ఇది పరాయిగా ఉండదు. ఎవరో చేతబడి చేశారని, గాలి సోకిందని మన దగ్గర అనుకునే తీరుకు ఇది దగ్గర. అమెరికా రోగికి డిటెక్టివ్ కనిపిస్తే మన రోగికి మాయావిని కనిపించింది. భయం ఒకటే, దానికి వేషం ఊరిని బట్టి వస్తుంది. మీ తమ్ముడి భయానికి ఏ వేషం ఉందో తెలుసుకోవడం మీ పని.

ఆ పుస్తకం వచ్చాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. 2006లో ఒక రోజు నడకకని బయటికి వెళ్లిన స్వదేశ్ దీపక్ తిరిగి ఇంటికి రాలేదు. పుస్తకం పూర్తయినంత మాత్రాన జబ్బు పూర్తయినట్టు కాదు. చివరి పేజీ చదివి "హమ్మయ్య, గట్టెక్కాడు" అనుకోవడం మనకు హాయిగా ఉంటుంది గానీ, ఇది ఏళ్ల తరబడి మందూ మనుషులూ రెండూ కావాల్సిన జబ్బు.

జెర్రీ పింటో సంపాదకత్వంలో 2016లో వచ్చిన 'ఎ బుక్ ఆఫ్ లైట్' కూడా వెతకండి. అందులో మాట్లాడేది రోగుల ఇంటివాళ్లు. మీకు కోపం వస్తున్నందుకు, అలసిపోతున్నందుకు మీరు చెడ్డవారు కారని అక్కడ తెలుస్తుంది.

ఆత్మహత్య ఘట్టాల గురించి ఒక హెచ్చరిక. ఈ పుస్తకాల్లో చాలావాటిలో ఆ ప్రయత్నాలు వివరంగా ఉంటాయి. మీకే మనసు బాగాలేని రోజుల్లో ఆ పేజీలు వదిలేయండి. మీ తమ్ముడికి ఇప్పుడు ఇవ్వొద్దనడానికి మొదటి కారణం ఇదే. రెండో కారణం, అనుమానాలు బలంగా ఉన్నప్పుడు "అక్క ఈ పుస్తకమే ఎందుకు ఇచ్చింది, ఇందులో నాకేదో సంకేతం ఉంది" అని తోచే ప్రమాదం. వాడు కుదుటపడ్డాక, తనంతట తాను "ఇలా ఇంకెవరికైనా అయిందా?" అని అడిగిన రోజు ఇవ్వండి. ఆ ప్రశ్న వాడి నోట రావడం చాలా మంచి గుర్తు. అప్పుడైనా మొత్తం పుస్తకం కాదు, ఒక అధ్యాయం. ఏది ఇవ్వాలో డాక్టర్‌ను కూడా అడగండి.

ఎలా చదవాలో నా పద్ధతి చెప్తాను. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. మిమ్మల్ని ఆపిన ప్రతి చోట "మా వాడికి కూడా ఇంతే" అని రాసుకోకండి. "మా వాడికి ఇలా ఉంటుందా?" అని ప్రశ్నగా రాసుకోండి. వాటిలో డాక్టర్‌ను అడగాల్సినవి ఒక పక్క, తమ్ముడిని అడగాల్సినవి ఇంకో పక్క. నెల తిరిగేసరికి ఆ ఐదు నిమిషాల్లో అడగడానికి మీ చేతిలో రెండు మంచి ప్రశ్నలు ఉంటాయి. మందు పేరు, మోతాదు గురించి పుస్తకంలో ఉన్నది మాత్రం మీ ఇంటికి తెచ్చుకోవద్దు.

తమ్ముడిని అడిగేటప్పుడు ఇద్దరే ఉన్నప్పుడు, వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఒక్క ప్రశ్న. గుంటూరు వైపు కుటుంబాల సమావేశాల్లో నేను ఈ ఇంగ్లీషు పుస్తకాల్లోని ఘట్టాల్ని తెలుగులో కథలా చెప్పేదాన్ని. అక్కడికి వచ్చే ఒక తల్లికి చదువు రాదు. చెవిలో మాటలు వినపడటం గురించి ఒక రోజు విన్నది. ఇంటికెళ్లి కొడుకు పక్కన కూర్చుని, "నీకు వినపడేవి ఆడగొంతులా, మగగొంతులా నాయనా? నిన్ను పేరు పెట్టి పిలుస్తాయా?" అని అడిగింది. అన్నాళ్లూ ఇంట్లో అందరూ "అవన్నీ ఉత్తవి, పట్టించుకోకు" అన్నవాళ్లే. ఆ కుర్రాడు మొదటిసారి నోరు విప్పి, అవి చనిపోయిన తాతయ్య గొంతులో వస్తాయని, అందుకే ఎదురు చెప్పలేకపోతున్నానని అన్నాడు. తాతంటే వాడికి ప్రాణం. "పట్టించుకోకు" అని చెప్పడమంటే తాతను పట్టించుకోవద్దని చెప్పినట్టే అయింది ఇన్నాళ్లూ. ఆ సంగతి ఓపీలో ఎవరికీ తెలియలేదు, చదువురాని తల్లికి తెలిసింది. అది విన్నాక మా సైకాలజిస్టు వాడితో మాట్లాడే దారే మారిపోయింది.

ఆమె ఆ గొంతులు నిజమేనని ఒప్పుకోలేదు, అబద్ధమనీ వాదించలేదు. మీరు కూడా అన్నం విషయంలో ఇలాగే చెయ్యొచ్చు. "విషమెందుకు కలుపుతామురా?" అనే బదులు "తినేటప్పుడు నీకేం అనిపిస్తోంది, రుచి తేడాగా ఉంటోందా, భయమేస్తోందా?" అని అడగండి. "నాకు అలా అనిపించడం లేదు గానీ, నీకు భయమేస్తోందని తెలుస్తోంది" అని చెప్పండి. వాడికి కావాలంటే తన కంచంలో తనే వడ్డించుకోనివ్వండి. అమ్మగారికి ఇది కష్టంగా ఉంటుంది, కొడుకు తన చేతి అన్నాన్ని అనుమానించడం కంటే ఏ తల్లికైనా ఏం బాధ ఉంటుంది? ఆమెకు బీర్స్ ఉత్తరం కథ చెప్పండి. తను చేసిన తప్పేమీ లేదని ఆమెకు అర్థమవుతుంది.

చివరగా, తమ్ముడు రాయడం గురించి. డైరీ రాయమని వెంటపడకండి, రాస్తే దొంగతనంగా చదవకండి. కానీ వాడు కుదుటపడ్డాక రాయాల్సిన కాగితం ఒకటుంది. 2018 మే నుంచి అమల్లో ఉన్న ఆ 2017 చట్టం ప్రకారం, పెద్దవాళ్లెవరైనా తనకు మానసిక జబ్బు తిరగబెట్టి నిర్ణయం తీసుకోలేని స్థితి వస్తే ఎలా చూసుకోవాలో, ఎలాంటి చికిత్స వద్దో ముందుగానే రాసి పెట్టుకోవచ్చు. దాన్ని ముందస్తు ఆదేశం అంటారు. అత్యవసర చికిత్సకు అది అడ్డు కాదు. తన తరఫున మాట్లాడే మనిషిని కూడా తనే ఎంచుకోవచ్చు, ఆ ఎంపికకు తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. ఆ మనిషిగా మిమ్మల్నే ఎంచుకుంటాడని అనుకోకండి, స్నేహితుడి పేరు రాసినా బాధపడకండి. "నన్ను కట్టెయ్యొద్దు", "మామయ్యకు చెప్పొద్దు", "ఫలానా ఇంజెక్షన్‌తో నాకు మెడ బిగుసుకుపోయింది" లాంటి ముక్కలు అందులో వస్తాయి. ఇన్ని పుస్తకాలు చదివాక ఆ ముక్కల విలువ మీకు తెలుస్తుంది. ఆదేశం ఎలా రాయాలో, ఎక్కడ నమోదు చెయ్యాలో మీ ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌ను అడగండి.

ఈ నెల మాత్రం 'హెన్రీస్ డీమన్స్' ఒక్కటి తెప్పించుకోండి, మీరే చదవండి. ఇంగ్లీషు కష్టమైతే ఇంట్లో ఇంకెవరితోనైనా కలిసి చదవండి. ఈలోగా తమ్ముడు తిండి పూర్తిగా మానేసినా, చావు మాట ఎత్తినా, గొంతులు ఏదో చెయ్యమని చెప్తున్నాయన్నా నెల తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మధ్యలో ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అది రోగులకే కాదు, మీకు కూడా.